లోపలి నుంచి వేసిన మాసిక

నాన్న కుడిచేతి కట్టు విప్పిన రోజున డాక్టరుగారు వేళ్ళు ముడవమన్నారు. వేళ్ళు సగం దాకా వచ్చి ఆగిపోయాయి. ఇంకా ముడవమంటే నాన్న మొహం ముడుచుకుంది తప్ప వేళ్ళు కదల్లేదు. ఆ చేత్తో ఆయన చెంబు పట్టుకోగలడు, మోపెడ్ హ్యాండిల్ పట్టుకోగలడు. దబ్బనం మాత్రం పట్టుకోలేడు.

మా నాన్న పరుపులు కుట్టే మనిషి. దబ్బనం అంటే గోనెసంచులు కుట్టే లావుపాటి పొడవాటి సూది. దూది నింపిన పరుపు మీద దాన్ని నిలబెట్టి, అరచేత్తో నొక్కి, రెండోచేత్తో కిందనుంచి లాగాలి. లాగడానికి ఎడమచెయ్యి ఉంది. నొక్కేటప్పుడు దబ్బనం పక్కకు పడిపోకుండా కుడిచేతి వేళ్ళు బిగించి పట్టుకోవాలి. నాన్నకు ఆ బిగింపే పోయింది.

మాది పెదకాకాని. గుడికి వెళ్ళే రోడ్డు పక్కన మా రేకుల పంచ. మేము ఇంట్లో తెలుగు మాట్లాడుకునే సాయిబులం, దూది ఏకే ఇళ్ళవాళ్ళం. ఏకే పని ఎప్పుడో మిషన్లకు పోయింది, కుట్టే పని మిగిలింది. నాన్న పరుపు కుడతాడు, అమ్మ దిండ్ల గలీబులు కుడుతుంది. నేను గుంటూరులో ఒక వర్క్‌షాపులో కంప్యూటర్ ముందు కూర్చుని, మిరపకాయలు జల్లించే మిషన్లకు రేకు ఎక్కడ కోయాలో, ఎక్కడ వంచాలో గీతలు గీస్తాను. ఇంటికొచ్చాక పుస్తకం చదువుకుంటాను, లేదా డైరీ రాసుకుంటాను. మాట్లాడాల్సిన అవసరం రెండు చోట్లా పెద్దగా ఉండదు. నాకు అది బాగుంటుంది.

కట్టు విప్పిన వారంలోనే ఫోమ్ పరుపులు అమ్మే ఆయన పంచ దగ్గరికొచ్చాడు. బల్ల మీద కూర్చుని టీ తెప్పించుకున్నాడు.

"ఏం సాయిబుగారూ, చెయ్యెలా ఉంది?"

"ఉందండీ. మణికట్టు దగ్గరే ఉంది."

"మీ జోకులకేం గానీ, ఈ జాగా నాకిచ్చెయ్యండి. మీరు కుర్చీ వేసుకుని కూర్చోండి చాలు. ఫోమ్‌కి సూదీ అక్కర్లేదు, దారం అక్కర్లేదు."

"మిరపకాయల సీజన్ అయ్యేదాకా చూస్తానండీ. చెయ్యి రాకపోతే మీదే."

ఆ మాట నేను పంచ వెనకాల నిలబడి విన్నాను. నాన్న సులువుగానే అన్నాడు. ఫోమ్ ఆయన వెళ్ళిపోయాక మాత్రం దబ్బనం తీసి కుడిచేతిలో పెట్టుకుని చూశాడు. అది వేళ్ళ సందులోంచి జారి దూదిలో పడింది. వెతికి తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

వేళ్ళు సగం దాకానే మూసుకుంటే, ఆ సగం ఖాళీని నింపేంత లావుపాటి పిడి ఉంటే చాలు కదా అని నాకు అప్పుడే అనిపించింది. నాన్న చెయ్యి ఎంత మూసుకుంటుందో సరిగ్గా అంత ఆకారం. ముందు వైపు దబ్బనం వెనక కొన ఆనుకోవడానికి ఒక గుంట. నొక్కినప్పుడు అరచేతికి నొప్పి పుట్టకుండా వెనక ఒక బిళ్ళ. గుంటూరు బ్రాడీపేటలో ఒకావిడ ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టులకు ప్లాస్టిక్ బొమ్మలు ప్రింట్ చేసిస్తుందని మా వర్క్‌షాపులో అనుకోగా విన్నాను. కాగితం మీద అక్షరాలు ప్రింట్ చేసినట్టు కాదు, పొర మీద పొరగా ప్లాస్టిక్ పోసి వస్తువునే నిలబెడుతుందట.

నాకు వచ్చింది రేకు మీద గీతలు. మందం ఉన్న వస్తువును కంప్యూటర్‌లో తయారుచేయడం నేను ఎప్పుడూ చేయలేదు. అయినా నాన్నతో చెప్పాను.

"చేస్తావా?" అన్నాడు.

"చూస్తాను."

"చూడు మరి," అని ఊరుకున్నాడు. నమ్మాడో లేదో తెలియదు. నాకే నమ్మకం లేదు.

ఆదివారం పొద్దున అమ్మ చపాతీలకు కలిపిన పిండిలోంచి పెద్ద ముద్ద తీసుకుని నాన్న చేతికిచ్చి నొక్కమన్నాను. ఆయన నొక్కాడు. వేళ్ళ గాడులు, అరచేతి ఉబ్బు, బొటనవేలి గుంట అన్నీ పడ్డాయి. ముద్దను పళ్ళెంలో పెట్టి, మెరుపు పోవడానికి పొడిపిండి చల్లి, చుట్టూ తిరుగుతూ ఫోన్‌తో ఫోటోలు తీశాను.

"దీన్ని కాల్చి పెట్టనా?" అంది అమ్మ పొయ్యి దగ్గర్నుంచి. "మీ నాన్న చెయ్యి తిన్నట్టుంటుంది."

"వద్దులే. నా చెయ్యి ఉప్పగా ఉంటుంది," అన్నాడు నాన్న.

ఫోటోలన్నిటినీ కలిపి ఆకారం చేసిపెట్టే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరికింది. కాసేపటికి తెర మీద పిండిముద్ద లేచింది. దగ్గరికెళ్ళి చూస్తే అది చిన్న చిన్న త్రికోణాలతో అల్లిన తొడుగు. లోపల ఏమీ లేదు. ఇదే నాకు మొదట అర్థం కాని సంగతి. మా ఇంట్లో పరుపు అంటే లోపల ఉన్నదే. గలీబు చిరిగితే మార్చుకోవచ్చు, దూది ఉన్నంతకాలం అదే పరుపు. ఈ కంప్యూటర్‌కు దూది లేదు, గలీబు ఒక్కటే. ఆ గలీబు ఎక్కడా చిల్లు లేకుండా మూసుకుని ఉంటేనే లోపల ఏదో ఉన్నట్టు లెక్క.

ముద్ద పళ్ళెంలో ఉంది కాబట్టి దాని అడుగు ఫోటోల్లో పడలేదు. తొడుగుకు అడుగున పెద్ద చిల్లు. దాన్ని నేనే మూయాలి. మూడు చుక్కలు నొక్కితే ఒక త్రికోణం వస్తుంది. అలా ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుంటూ ఒక సాయంత్రం కూర్చుని మూశాను. రేకు పటాల కంటే ఈ పని నాకు చేతికి తగ్గట్టు వచ్చింది, కుట్టుపనిలా ఉంది మరి. అంతా అయ్యాక ప్రోగ్రాం, ఈ త్రికోణాలు ఒకదానితో ఒకటి ఏకీభవించడం లేదు, అన్నిటినీ ఒకే తీరుకు తేనా, అని ఇంగ్లీషులో అడిగింది. తెమ్మన్నాను. మొత్తం ముద్ద నీలం నుంచి బూడిదరంగుకు మారింది. రంగే కదా అనుకున్నాను.

ఆ తర్వాత పని ఆకారాలను కలపడం. దీనికి ఆ ప్రోగ్రాంలో మూడు మీటలున్నాయి. యూనియన్ అంటే రెండు ఆకారాలను కలిపి ఒకటి చేయడం. డిఫరెన్స్ అంటే మొదటి దాంట్లోంచి రెండోది ఉన్నంత మేర తీసేయడం. ఇంటర్‌సెక్షన్ అంటే రెండూ ఒకదాంట్లో ఒకటి దూరిన చోటు మాత్రం ఉంచి మిగతాది పారేయడం. చదివితే ఇంతకంటే తేలిక లేదు. నాకు కావలసింది ముద్దలో గుంట. సన్నటి కడ్డీ ఒకటి గీసి, సగం ముద్దలోకి దిగేలా, సగం బయట ఉండేలా పెట్టి, డిఫరెన్స్ నొక్కాను.

గుంట పడలేదు. కడ్డీ ముద్దకు అతుక్కుపోయింది, కొమ్ములాగా బయటికి పొడుచుకొచ్చి.

మీట తప్పు నొక్కాననుకుని వెనక్కి వచ్చి, చూసి చూసి మళ్ళీ నొక్కాను. మళ్ళీ కొమ్ము. ఏం చేయాలో తోచక యూనియన్ నొక్కాను. ముద్దలో చక్కటి గుంట పడింది. ఇంటర్‌సెక్షన్ నొక్కి చూశాను. లోపలికి దిగిన సగం మిగలాలి కదా, బయట ఉన్న సగం మిగిలింది. కలపమంటే తీసేస్తోంది, తీసేయమంటే కలుపుతోంది, లోపలిది అడిగితే బయటిది ఇస్తోంది.

నా తలలో ఏదో తేడా వచ్చిందేమోనని నిజంగా భయపడ్డాను. ఆ మీటల అర్థాలు మళ్ళీ చదివాను. ఒక చదరపు పెట్టె, ఒక బంతి గీసి వాటి మీద పరీక్షించాను. వాటితో మూడు మీటలూ బుద్ధిగా పనిచేశాయి. ముద్ద దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ తిరగబడ్డాయి. అంటే ప్రోగ్రాం మంచిదే, నేను మంచిదాన్నే, ముద్దే చెడ్డది. పిండిముద్దకు ఇంత మొండితనం ఎక్కడిదో నాకు అంతుపట్టలేదు.

వర్క్‌షాపులో అడగొచ్చు. నా పక్క కుర్చీలో కూర్చునే ఆయనకు ఇలాంటివి తెలిసే ఉంటాయి. రోజూ పొద్దున అడగాలనుకునేదాన్ని. ఆయన తలెత్తితే నేను తల దించుకునేదాన్ని. ఒకసారి "ఏమ్మా, ఏమన్నా కావాలా?" అని ఆయనే అడిగాడు. "స్కేలు," అన్నాను. ఆయన స్కేలిచ్చాడు. దాంతో నాకేం పని లేదు.

ఆఖరికి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. తిరగబడితే తిరగబడింది, తిరగేసే వాడుకుందాం. గుంట కావాలంటే యూనియన్ నొక్కుదాం. అలాగే గుంట చేశాను, దారం బయటికి రావడానికి పక్కన చీలిక చేశాను, డిఫరెన్స్ నొక్కి వెనక బిళ్ళ అతికించాను. తెర మీద పిడి నేను అనుకున్నట్టే కనిపించింది. ఫైలు బ్రాడీపేట ఆవిడకు పంపించాను.

ఈలోగా నాన్న ఎడమచేత్తో గుచ్చడం నేర్చుకోవాలని చూశాడు. కుట్టు వంకర పోయింది. విప్పేశాడు. ఎవరో రైతు పాత పరుపు తిరగకుట్టమని ట్రాక్టర్ మీద తెచ్చి దించి వెళ్ళాడు. అది పంచలో ఒక మూల అలాగే నిలబడి ఉంది. మిరపకాయల లారీలు గుంటూరు వైపు వరసగా పోతున్నాయి. ఆ ఘాటుకు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కుడుతోంది. సీజన్ అయ్యేదాకా అన్న మాట ఫోమ్ ఆయన మర్చిపోడని మా ముగ్గురికీ తెలుసు. ఎవరం ఆ మాట ఎత్తలేదు.

బ్రాడీపేట ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది. మెసేజ్ పెడుతుందనుకున్నాను, ఫోనే చేసింది.

"అమ్మాయ్, నువ్వు పంపిన దాంట్లో సరుకు లేదు."

"అంటే అక్కా?"

"కంప్యూటర్‌లో పొరలుగా కోసి చూస్తున్నా. ఒక్క పొరలో కూడా ప్లాస్టిక్ పోయాల్సిన చోటు చూపించట్లా. తెర మీద చూస్తే పిడి ఉంది, కోస్తే ఖాళీ. రేపు శనివారం నీకు సెలవైతే ఒకసారి రా."

వెళ్ళాను. ఒక డాబా మీద చిన్న గది. రెండు మిషన్లు ఈగలు ముసిరినట్టు సన్నగా చప్పుడు చేస్తున్నాయి. ఆవిడ నాకంటే కొంచెం పెద్దది, జుట్టు ముడి వేసుకుని, చేతిలో సగం తిన్న జామకాయ పట్టుకుని ఉంది. నన్ను పక్కన కూర్చోబెట్టి తెర తిప్పింది.

"ఈ బూడిదరంగు చూశావా? బయటి వైపు నీలం ఉండాలి. నీదంతా తిరగబడింది. ప్రతి త్రికోణానికీ ఒక బయట, ఒక లోపల ఉంటాయి కదా. నువ్వు దీనికేం చెప్పావంటే, ఈ ముద్ద లోపలంతా బయటా, ఈ ప్రపంచమంతా లోపలా అని."

నేను తల ఊపాను. అర్థం కాలేదు.

"మళ్ళీ విను. దీని లెక్కలో ముద్ద ఖాళీ. ముద్ద తప్ప మిగిలినదంతా గట్టిగా నిండిపోయి ఉంది. నువ్వు కడ్డీ తీసేయమంటే ఆ గట్టి దాంట్లోంచి తీసింది. అక్కడ ఖాళీ ఇంకా పెరిగింది. నీ కంటికి అది కొమ్ములా కనపడింది."

"కలపమంటే గుంట పడింది," అన్నాను.

"పడుతుంది మరి. ఖాళీలోకి కడ్డీని నింపింది. అది తన పని సరిగ్గానే చేసింది. పాపం దాన్ని తిట్టుకున్నావా?"

"కొంచెం."

ఆవిడ జామకాయ కొరుకుతూ ముద్దను అటూ ఇటూ తిప్పింది. "ఫోన్‌తో తీసినవి మామూలుగా సరిగ్గానే వస్తాయే. అడుగు నువ్వే మూశావా?"

"అవునక్కా."

"ఎలా మూశావు? ఎటు నుంచి చూస్తూ?"

"లోపలికెళ్ళి."

"లోపలికా?"

"చిల్లులోంచి లోపలికి తిప్పుకుని, లోపలి నుంచి పెట్టుకుంటూ వచ్చాను."

"ఎందుకు? ఎవరైనా బయటనుంచి మూస్తారు."

నాకు ఆ ప్రశ్నే వింతగా అనిపించింది. "చిరుగుకు మాసిక లోపలి నుంచే కదక్కా వేస్తారు. బయటనుంచి వేస్తే అంచు పడుకున్నవాళ్ళకు గుచ్చుకుంటుంది."

ఆవిడ జామకాయ బల్ల మీద పెట్టి నా వైపు తిరిగింది. "ఎవరు పడుకుంటారమ్మా దీని మీద?"

నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మా నాన్న పరుపులు కుడతాడనీ, మా అమ్మ గలీబుకు మాసిక వేయడం నేర్పినప్పుడు సంచి తిరగేసి లోపలి వైపునుంచే వేయించిందనీ, నాకు ఇంకో పద్ధతి ఉంటుందని తోచనే లేదనీ చెప్పాను. పిడి ఎవరికోసమో కూడా చెప్పాను. కొత్తవాళ్ళతో అంత మాట్లాడటం నాకే ఆశ్చర్యం.

ఆవిడ నవ్వలేదు. "మాసిక ఒక్కటే తిరగబడి ఉంటే ఒక రకం," అంది. "అన్నిటినీ ఒకే తీరుకు తేనా అని ప్రోగ్రాం అడిగి ఉంటుంది, నువ్వు తెమ్మని ఉంటావు. అది నీ మాసికను చూసి మిగతా అన్నిటినీ తిప్పేసింది."

మొత్తాన్ని ఒక్కసారి తిరగేసే మీట ఒకటి ఉంది. గుంటా బిళ్ళా లేని ఉత్త ముద్దను మళ్ళీ తెరిచి, మొదటి నుంచి సరిగ్గా చేద్దామని ఆవిడ ఆ మీట నొక్కమంది. నొక్కాను. ముద్ద నీలమైంది. గుంట చేయడానికి అలవాటు కొద్దీ యూనియన్ దగ్గరికే పోయింది నా వేలు. కొమ్ము వచ్చింది. ఈసారి ఆ తప్పు నాదేనని తెలుసు. డిఫరెన్స్ నొక్కాను. గుంట పడింది. చీలిక కూడా పడింది.

వెనక బిళ్ళ దగ్గర ఇంకో చిక్కు వచ్చింది. ఈసారి బిళ్ళను ముద్ద వెనక చదునుకు సరిగ్గా ఆనించి పెట్టాను, వెంట్రుకంత సందు లేకుండా. కలపనంటూ ప్రోగ్రాం మొరాయించింది.

"మరీ సరిగ్గా ఆనించకు," అంది ఆవిడ. "రెండిటి గోడా ఒకటే అయితే అది ఎవరి గోడో దానికి తెలియదు. కాస్త లోపలికి దిగనివ్వు."

వర్క్‌షాపులో రేకు సరిగ్గా ఆనకపోతే తిట్లు తినే నేను, ఇక్కడ సరిగ్గా ఆనినందుకు తిట్లు తిన్నాను. బిళ్ళను కొంచెం లోపలికి దింపాను. రెండూ ఒకటైపోయాయి. మధ్య గోడ ఎక్కడికి పోయిందో చూద్దామని లోపలికెళ్ళి వెతికాను. లేదు. దూది రెండు కుప్పలు ఒకచోట పోస్తే ఎక్కడిది ఏ కుప్పదో ఎవరూ వెతకరు. ఇక్కడ మాత్రం నాకు వెతకాలనిపించింది.

మిషన్ పిడిని పోస్తుంటే కూర్చుని చూశాను. సంచిలో పుస్తకం ఉంది గానీ తీయలేదు. పొరలు లేస్తుంటే లోపల గళ్ళు గళ్ళుగా ప్లాస్టిక్ పడుతోంది. అది మొత్తం నింపదట, వల లాగా కొంత నింపి వదిలేస్తుందట. "మరి లోపల గట్టిగా ఉన్నట్టా, ఖాళీగా ఉన్నట్టా?" అని అడిగాను. "రెండూనూ," అంది ఆవిడ. ఇన్ని రోజులూ లోపలేదో బయటేదో తేల్చుకోలేక నేను పడ్డ అవస్థంతా ఆ ఒక్క మాటతో మళ్ళీ మొదటికొచ్చింది.

ఇంటికొచ్చి నాన్న చేతిలో పెట్టాను. వేళ్ళు వాటి గాడుల్లో వాటంతట అవే కూర్చున్నాయి. నాన్న దాన్ని తిప్పి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"చపాతీ వాసన రావట్లేదే," అన్నాడు.

పంచలో మూలనున్న రైతు పరుపును కిందికి దించాం. నాన్న దారం ఎక్కించి, దబ్బనం వెనక కొనను పిడి గుంటలో పెట్టి, పరుపు మీద నిలబెట్టాడు. అమ్మ కుట్టుమిషన్ ఆపేసింది. నాన్న నొక్కాడు. దబ్బనం నిలబడింది, సగం దిగింది, ఆగింది. మణికట్టు వెనక్కి వంగింది. ఇంకా నొక్కాడు. దిగలేదు. పిడి పట్టుకుంది, దబ్బనం జారలేదు, అది తన పని చేసింది. మణికట్టులోనే అంత బలం లేదు. ఆ సంగతి నేను లెక్కలో వేసుకోలేదు. పరుపు దూది ఏళ్ళ తరబడి అణిగి గట్టిపడిపోయి ఉంది.

నాన్న దబ్బనం వెనక్కి లాగి, అమ్మ పక్కన పేర్చి ఉన్న దిండ్లలోంచి ఒకటి తీసుకున్నాడు. కొత్త దూది, మెత్తగా ఉంది. దాని మధ్యలో దబ్బనం నిలబెట్టి నొక్కాడు. ఒక్క నొక్కుకు దిగిపోయింది. ఎడమచేత్తో కిందనుంచి లాగి, ముడి వేశాడు. పక్కన ఇంకోటి గుచ్చాడు. కుట్టు తిన్నగా ఉంది.

"దిండ్లు కుడతాను," అన్నాడు. "బొంతలు కూడా కుట్టొచ్చేమో. పరుపు మాత్రం కాదు."

"పరుపు నేను గుచ్చుతాను," అన్నాను.

"నీకేం తెలుసు?"

"మీరు చెప్పండి."

"నీకు మాసిక వేయడం తప్ప ఏం వచ్చే?" అంది అమ్మ. బ్రాడీపేటలో జరిగిందంతా తనకు అప్పటికే చెప్పేశాను మరి.

సీజన్ అయిపోయాక ఫోమ్ ఆయన టీ తాగడానికి వచ్చాడు. నాన్న పంచలో కుడివైపు సగం ఆయనకిచ్చాడు. ఎడమవైపు సగం ఉంచుకున్నాడు. మధ్యలో తడిక కడదామన్నాడు ఫోమ్ ఆయన. "ఎందుకండీ, ఉన్న జాగా తడికకే పోతుంది," అన్నాడు నాన్న. ఇప్పుడు ఆయన ఫోమ్ పరుపులు మా దిండ్ల మీదికి ఒరుగుతున్నాయి, మా దూది ఎగిరి ఆయన ప్లాస్టిక్ కవర్లకు అంటుకుంటోంది. ఇద్దరూ రోజుకోసారి దాని గురించి అరుచుకుంటారు. పరుపు కొనడానికి వచ్చినవాళ్ళకు ఆయన మా దిండ్లు చూపిస్తున్నాడు.

ఇది నిలుపుకున్నట్టో పోగొట్టుకున్నట్టో నేను నాన్నను అడగలేదు. శనివారాలు నేను పాత పరుపుల మీద దబ్బనం గుచ్చుతున్నాను. ఆయన పక్కన కూర్చుని, ఇంకా లోతుగా, ఇంకా, అంటూ ఉంటాడు. ఎంత లోతుకు వెళ్ళిందో నాకు పైనుంచి తెలియదు. కొన కిందకు వచ్చి ఆయన ఎడమచేతికి తగిలితే "వచ్చింది" అంటాడు. అప్పుడు ఆపుతాను.